ఇరవై నిమిషాల గాజు ట్యూబు

జులైలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు బోరు మోటరు బంద్ చేద్దామని చెప్పుల్లేకుండా ఇంటి వెనక్కి పోయాను. బట్టలుతికే బండ పక్కన పేర్చిన ఇటుకల దగ్గర కుడి కాలి మడమ పైన కాటు పడింది. పాము రక్తపింజర. మాది మిర్యాలగూడ అవతల కొత్తగా లేచిన వెంచరు. చుట్టూ వరి మళ్లు, నడుమ నడుమ ఖాళీ ప్లాట్లు, వాటి నిండా సర్కారు తుమ్మ. పంతొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాను, ఐదుసార్లు డయాలసిస్ అయింది. నా కథ ఇంతే. తక్కినదంతా రక్తం కథ, మూత్రపిండాల కథ. ల్యాబ్ టెక్నీషియన్‌గా పాము కాటు శాంపిళ్లు చాలా చూసినవాడిని కాబట్టి దాన్ని రాస్తున్నాను.

మొదట పాము సంగతి. రక్తపింజరను మన దగ్గర చాలామంది కొండచిలువ పిల్ల అనుకుంటారు. కొందరు చేత్తో పట్టి పక్కన వేయబోతారు, అక్కడే కాటు పడుతుంది. లావాటి ఒళ్లు, పొట్టి తోక, వీపు మీద గొలుసు పేర్చినట్టు మూడు వరుసల ముదురు గోధుమ రంగు గుండ్రటి మచ్చలు, త్రికోణం తల. కుక్కరు విజిల్ వేసే ముందు వచ్చే చప్పుడులా గట్టిగా బుస కొడుతుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్క ఈతలో ఇరవై ముప్పై దాకా. ఎండాకాలం చివర, వానల మొదట్లో ఈనుతుంది. అందుకే నాట్ల రోజుల్లో జానెడు పిల్లలు కూడా కాళ్ల కింద పడతాయి. పిల్లే కదా అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు, దానికీ విషం ఉంటుంది.

కాటు పడ్డ చోట మంట మొదటి నిమిషం నుంచే ఉంటుంది. కట్లపాము కాటుకు అంత నొప్పి ఉండదు, చాలామందికి నిద్రలో కరిచిందన్న సంగతే తెలియదు. ఇది అలా కాదు. పది నిమిషాల్లో మడమ ఉబ్బడం మొదలైంది. అయితే కాటు పడ్డ ప్రతిసారీ విషం ఎక్కుతుందని లేదు. కోరలు దిగినా విషం వదలని కాట్లు కూడా ఉంటాయి. మంత్రగాడి దగ్గర బాగయ్యారని చెప్పుకునే కేసుల్లో ఇలాంటివీ ఉంటాయి.

పక్కింటి పెద్దమనిషి తాడు పట్టుకొని ఉరికొచ్చాడు. "గట్టిగ కట్టాలె బిడ్డా, ఇసం పైకెక్కద్దు" అన్నాడు. వద్దన్నాను. పింజర విషం కండను, రక్తనాళాలను కాటు చోటే తినేస్తుంది. తాడు బిగిస్తే ఆ విషమంతా అక్కడే నిలిచి కాలు నల్లబడుతుంది. కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, ఐసు పెట్టడం ఏవీ పనికిరావు. పైగా రక్తం గడ్డకట్టని మనిషికి బ్లేడుతో గాటు పెడితే అది ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఒకవేళ ఎవరైనా ఆసరికే కట్టి ఉంటే దారిలో విప్పకూడదు, దవాఖానలో డాక్టరు ముందు మెల్లగా వదులు చేయాలి. చేయాల్సింది మూడు నాలుగు పనులే. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. విరిగిన కాలుకు కట్టినట్టు రెండు వైపులా కర్రలు లేదా అట్టముక్కలు పెట్టి, చున్నీతో వదులుగా కట్టి కదలకుండా చేయాలి. నడవకూడదు, మోసుకొనిపోవాలి. 108కు ఫోన్ చేయాలి. అది ఆలస్యమయ్యేట్టుంటే బైకు మీద నడిమధ్యన కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకోవాలి. పాము విషానికి విరుగుడు మందు దొరికే దవాఖానకే పోవాలి.

ఇక్కడ ఆర్ఎంపీల మాట చెప్పక తప్పదు. ఊళ్లల్లో ముందు వాళ్ల దగ్గరికే పోతాం. వాళ్లు మంచికే అనుకొని ఒక టీటీ, ఒక నొప్పి సూది పొడిచి పంపుతారు. రక్తం గడ్డకట్టని మనిషికి పిర్రకు సూది వేస్తే లోపల నెత్తురు చేరి ముద్ద కడుతుంది. టీటీ కావాల్సిందే, కానీ రక్తం మళ్లీ గడ్డకడుతోందని తేలాకే. నొప్పికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ముట్టవద్దు. అవి అటు రక్తస్రావాన్ని పెంచుతాయి, ఇటు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

పామును చంపి సంచిలో వేసుకొని దవాఖానకు తెచ్చే అలవాటు ఇంకా ఉంది. అక్కర్లేదు. మనకిచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ కలిపి చేసిందే. దూరం నుంచి ఫోన్‌లో ఫోటో తీస్తే చాలు. చచ్చిన పింజర తల కూడా కొంతసేపు కరవగలదు. సంచి విప్పబోయి కాటు తిన్నవాళ్లున్నారు.

దవాఖానలో అసలు తీర్పు చెప్పేది ఒక గాజు ట్యూబు. చేతి నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తది, శుభ్రమైనది, పొడిగా ఉన్నది అయిన గాజు టెస్ట్ ట్యూబులో పోసి, బల్ల మీద ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి కదలకుండా ఉంటే అప్పటికి మంచిదే, నీళ్లలా జారితే విషం రక్తంలో పని చేస్తున్నట్టు. అంత సులువైన పరీక్ష తప్పు పోయే తీరు మాత్రం ఒకటి కాదు. ప్లాస్టిక్ ట్యూబు వాడితే ఫలితం నమ్మలేం. రక్తం గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది గాజు ఉపరితలమే. ఎర్ర మూత ప్లాస్టిక్ ట్యూబుల్లో గడ్డకట్టించే పూత ఉంటుంది, అది కూడా మోసం చేస్తుంది. పాత గాజు ట్యూబును సబ్బు పొడితో కడిగి ఆరబెట్టి వాడితే, మంచి మనిషి రక్తం కూడా గడ్డకట్టదు. పన్నెండో నిమిషంలో ఆత్రం కొద్దీ ఊపి చూసినా పరీక్ష పాడే. అనుమానం ఉంటే వెంట వచ్చిన చుట్టం రక్తం ఇంకో ట్యూబులో పోసి పక్కన పెట్టండి. అది గడ్డకట్టి, రోగిది కట్టకపోతే ఇక సందేహం ఉండదు. ఇప్పుడు ల్యాబుల్లో అంతా ప్లాస్టిక్కే కాబట్టి గాజు ట్యూబులు ఒక డబ్బా వేరుగా దాచి ఉంచాలి. ఈ మాట చెబితే పై అధికారులు నవ్వుతారు.

మొదటి ట్యూబు గడ్డకట్టిందని ఇంటికి పంపకూడదు. మొదటి మూడు గంటలు అరగంటకొకసారి, ఆ తర్వాత గంటకొకసారి మళ్లీ చూడాలి. ఒక్క ట్యూబుతో పంపేస్తే విషం మెల్లగా ఎక్కే కేసులు దొరక్కుండా పోతాయి. నాది మొదటి ట్యూబులోనే జారింది. చిగుళ్ల నుంచి నెత్తురు, సూది గుచ్చిన చోట దూది మార్చిన కొద్దీ తడుస్తూనే ఉంది. మన వైపు రక్తపింజర కాటులో కొందరికి కనురెప్పలు కూడా వాలుతాయి. అది చూసి నాగుపాము అనుకోవద్దు.

మందు మోతాదు పది వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలవుతుంది. ఎందుకు పదే అని అందరూ అడుగుతారు, లెక్క ఇది: ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరుస్తుంది. వయలు పది మిల్లీలీటర్లు, అంటే ఆరు మిల్లీగ్రాములు. ఒక కాటులో ఈ పాము సగటున వదిలే విషం 63 మిల్లీగ్రాములని లెక్క. పది వయల్స్ దాన్ని దాదాపు అందుకుంటాయి. చిన్నపిల్లలకూ అంతే మోతాదు. పాము మనిషి బరువు చూసి విషం వదలదు కదా. పొడి రూపంలో ఉన్న ఒక్కో వయల్లో పది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి గుండ్రంగా తిప్పాలి, ఊపకూడదు. ఊపితే నురగ వస్తుంది, మందు పాడవుతుంది. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. చర్మం మీద పరీక్ష సూది వేసి చూడటం దండగ, రాబోయే రియాక్షన్‌ను అది పట్టించదు.

ఈ మందును గుర్రాలకు కొద్ది కొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. అందుకే రియాక్షన్లు వస్తాయి. మందు తయారీకి కావాల్సిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గరి ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి తీసి ఇస్తుంది. నాకు పావుగంటలో దద్దుర్లు, ఒంటినిండా వణుకు, గొంతు బిగుసుకోవడం మొదలైంది. సిస్టరు సెలైన్ ఆపి, తొడ బయటి వైపు అర మిల్లీగ్రాము అడ్రినలిన్ కండకు వేసింది. అది ముందే సిరంజిలో నింపి పెట్టి ఉండటం వల్ల ఆలస్యం కాలేదు. తగ్గాక మందు మళ్లీ మెల్లగా మొదలుపెట్టారు. రియాక్షన్ వచ్చిందని భయపడి మందు పూర్తిగా మానేస్తే మనిషి పోతాడు.

మందు అయ్యాక మరుక్షణమే రక్తం గడ్డకడుతుందని చూడకూడదు. విషం విరిగినా, ఖర్చయిపోయిన, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను కాలేయం మళ్లీ తయారు చేయడానికి ఆరు గంటలైనా పడుతుంది. అందుకే ఆరు గంటలకు మళ్లీ ట్యూబు. నాది అప్పుడూ జారింది, ఇంకో పది వయల్స్ పెట్టారు. పన్నెండో గంటలో గడ్డకట్టింది. చుట్టాలు ఇక గండం గడిచిందన్నారు.

గడవలేదు. రెండో రోజు నుంచి మూత్రం తగ్గింది, వచ్చింది కూడా నల్ల టీ రంగులో. రక్తపింజర కాటులో సగం పోరాటం ఇక్కడే ఉంటుంది. మూత్రం ప్రతిసారీ కొలత డబ్బాలో పట్టి, రాసి పెట్టండి. రోజుకు నాలుగు వందల మిల్లీలీటర్ల లోపు పడితే మూత్రపిండాలు ఆగుతున్నట్టే. మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మొదటి రోజు బాగానే ఉంటుంది, మోసపోవద్దు. నాది రెండో రోజు 1.9, నాలుగో రోజు 4.6. కాలి వాపు తగ్గుతోందని మనిషి బాగవుతున్నాడనుకునే రోజులవే.

ఈ దశలో ప్రేమతో చేసే పొరపాటు తిండిలో జరుగుతుంది. నల్లగొండ చుట్టాలు వస్తే బత్తాయిల సంచి లేకుండా రారు, ఇంకొకరు కొబ్బరి బోండాలు తెస్తారు. రెంటిలోనూ పొటాషియం ఎక్కువ. మూత్రం ఆగిన మనిషి ఒంట్లో అది పేరుకొని గుండెను ఆపేస్తుంది. "గీ ఒక్క బోండం తాగితే సలువ జేస్తది అన్నా" అని మా తమ్ముడు బతిమాలాడు. తాగే నీళ్లకు కూడా కొలతే: నిన్న వెళ్లిన మూత్రం ఎంతో అంత, దాని మీద అర లీటరు. ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

డయాలసిస్ అంటే జీవితాంతం అనుకొని సంతకం పెట్టడానికి ఇంట్లోవాళ్లు వెనకాడతారు. పాము కాటులో చాలామందికి అది కొన్ని వారాల మాటే. మెడ నరంలో గొట్టం వేసి, విడతకు నాలుగు గంటలు. రక్తస్రావం భయం ఉంటే రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ లేకుండా చేయమని గుర్తుచేయవచ్చు. కొందరికి మాత్రం మూత్రపిండం పైపొర చచ్చిపోయి తిరిగి రాదు. ఆరోగ్యశ్రీ నమోదుకు రేషన్ కార్డు, ఆధార్ మొదటి రోజే తెప్పించుకోండి. రెండో రోజు అర్ధరాత్రి ఊరికి మనిషిని పంపే తిప్పలు తప్పుతాయి.

పన్నెండో రోజు మూత్రం విడిచింది, రెండు రోజుల్లో మూడు లీటర్లు దాటింది. అప్పుడు కథ తిరగబడుతుంది. నీళ్లు, ఉప్పు, పొటాషియం అన్నీ బయటికి పోతాయి. ఇంతకుముందు వద్దన్న బత్తాయి రసం డాక్టరే తాగమన్నాడు.

మడమ దగ్గర నీటిపొక్కులు వచ్చాయి, వాటిని చిదమలేదు. కాలు గట్టిపడి, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే లోపలి ఒత్తిడి కొలిచి చూడాలి. కానీ రక్తం గడ్డకట్టక ముందే కోత పెట్టడానికి ఒప్పుకోవద్దు. మామూలు వాపుకు కోత అక్కర్లేదు. కాటుకు తొమ్మిదో రోజున జ్వరం, కీళ్ల నొప్పులు, దురద వచ్చాయి. అది విషం తిరగబెట్టడం కాదు, గుర్రపు సీరం మీద ఒళ్లు తిరగబడటం. ఐదు రోజుల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌తో పోయింది. ఇంటికి వచ్చాక నెలలు గడిచినా నీరసం, తలతిరుగుడు, బీపీ పడిపోవడం ఉంటే, ఆడవాళ్లకు నెలసరి ఆగితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నదేమో చూడాలి. కార్టిసాల్ అనే హార్మోను పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఈ ఒక్కటి డిశ్చార్జి కాగితాల్లో ఎవరూ రాయరు. నా క్రియాటినిన్ మూడో నెలకు 1.1కి వచ్చింది. సాయంత్రానికి మడమ ఇంకా ఉబ్బుతుంది.

ఇల్లు మాత్రం మార్చాల్సి వచ్చింది, అంటే ఇంటి చుట్టూ ఉన్నది. పాము మన కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక బియ్యం బస్తా కోసం, కోళ్ల దాణా కోసం వస్తుంది. బస్తాలు డ్రమ్ముల్లోకి మార్చాం. ఇటుకలు, కట్టెల మోపు గోడకు దూరంగా, నేల నుంచి జానెడు ఎత్తులో ఇనుప స్టాండు మీద పెట్టాం. బాత్రూం నీళ్లు పోయే తూముకు ఇనుప జాలీ, వెనక తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేశాం. మోటరు స్విచ్ ఇంట్లోకి తెచ్చాం. వెనక దీపం, గుమ్మం దగ్గర టార్చి, బూట్లు. పామును చూస్తే అటవీ శాఖకు గానీ పాములు పట్టేవాళ్లకు గానీ ఫోన్ చేసి, అది ఎటు పోతుందో దూరం నుంచి చూస్తుంటే చాలు.

పక్క ప్లాటు హైదరాబాద్‌లో ఉండే ఒకాయనది. తుమ్మ కొట్టించమని మూడుసార్లు ఫోన్ చేశాను. "రేటు వచ్చినంక అమ్మేస్త అన్నా, అప్పుడు వాళ్లే కొట్టించుకుంటరు" అన్నాడు.