ముందు మెకానిక్, ఆ తర్వాతే బండి: నా అబార్త్ పుంటో అనుభవం

ఆరు లక్షల్లో ఒక సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నా అని ఇంట్లో నోరు జారిన గంటలోపే మా బావమరిది వాట్సాప్‌లో మూడు స్విఫ్ట్‌లు, ఒక బెలెనో ఫొటోలు పెట్టేశాడు. కింద ఒక వాయిస్ మెసేజ్: "బావా, తెల్ల స్విఫ్ట్ తీసుకో, రేపు అమ్మినా నీ డబ్బులు నీకొస్తాయి." బెజవాడలో కారు కొనడమంటే ఇంతే, కొనే రోజే అమ్మే రోజు గురించి మాట్లాడుకుంటాం. వాడి తప్పేం లేదులెండి, మా పటమట వీధిలో ఆగి ఉన్న కార్లు లెక్కపెడితే సగం పైన స్విఫ్టో డిజైరో ఉంటాయి.

నా కోరిక వేరే. నలభై నిండేలోపు, తొక్కితే వీపు సీటుకి అతుక్కునే బండి ఒక్కటైనా ఇంటి ముందు ఉండాలని. అసలు సిసలు స్పోర్ట్స్ కారు మన వల్ల అయ్యేది కాదు కాబట్టి, మన దేశంలో చిన్న హ్యాచ్‌బ్యాక్‌లోనే కాస్త గట్టి ఇంజన్ పెట్టి అమ్మినవి ఏమున్నాయా అని చూస్తే నాలుగు పేర్లు తేలాయి. పోలో జీటీ టీఎస్‌ఐ, బెలెనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్, ఇంకా ఎవరూ పెద్దగా పట్టించుకోని ఫియట్ అబార్త్ పుంటో.

ఎన్ లైన్ 2021లో వచ్చింది, పాతది కూడా నా బడ్జెట్ దాటిపోయింది, దాని సంగతి అక్కడితో సరి. పోలో ఒకటి గుంటూరులో నడిపి చూశా. 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్, తలుపు వేస్తే ధబ్ మని బరువైన చప్పుడు, బండి నిజంగా బాగుంది. కానీ పోలో అంటే జనానికి ఎంత మోజంటే తొంభై వేల కిలోమీటర్లు తిరిగిన దానికి కూడా 6.75 చెప్పి, ఒక్క రూపాయి తగ్గనన్నాడు ఓనరు. పైగా గేర్లు నేనే మార్చుకోవాలన్నది నా పిచ్చి. బెలెనో ఆర్‌ఎస్ కూడా నడిపా, 102 హార్స్‌పవర్, తేలికైన బండి, సర్వీసు ఖర్చు తక్కువ. దిగాక "ఎలా ఉంది?" అని మా ఆవిడ అడిగితే "బాగానే ఉంది" అన్నా. బాగానే ఉంది అనిపించడమే నాకు నచ్చలేదు.

అబార్త్ ఎక్కింది హైదరాబాద్‌లో, నా డిగ్రీ ఫ్రెండు దగ్గర, అదీ ఒక పావుగంట. ఈ కారు 2015 అక్టోబర్‌లో వచ్చింది, అప్పుడు ఢిల్లీ ఎక్స్ షోరూమ్ ధర 9.95 లక్షలు. మామూలు పుంటో బాడీయే, లోపల 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజన్, 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, మామూలు పుంటో కంటే కాస్త కిందికి దించిన సస్పెన్షన్. కంపెనీ లెక్కలో సున్నా నుంచి వందకి 8.8 సెకన్లు. రెండు వేల ఆర్‌పీఎమ్ దాకా ఏదో బద్ధకంగా లాగుతుంది, ఇదేనా అనుకుంటాం, అది దాటిందంటే మాత్రం ఎవరో వెనక నుంచి రెండు చేతులా తోసినట్టు ముందుకు పోతుంది. స్టీరింగ్ పాతకాలం హైడ్రాలిక్. పార్కింగ్‌లో తిప్పాలంటే చెయ్యి నొప్పి, కానీ రోడ్డు ఎలా ఉందో అరచేతికి తెలిసిపోతుంది. పావుగంటే గానీ, ఆ రాత్రి బస్సులో వస్తూ కోదాడ దాటేదాకా నిద్ర పట్టలేదు.

ఇంట్లో సంగతి చెప్పాలంటే, మా నాన్నకి ఫియట్ అంటే ప్రీమియర్ పద్మినే, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఉండేది. "ఫియట్టా? ఇంకా ఉన్నాయట్రా?" అన్నారు. లేవు నాన్నా, అదే అసలు ఇబ్బంది, ఫియట్ పేరుతో కార్లు అమ్మడం 2019 ప్రాంతంలో ఆపేశారు అని చెప్పలేక, కంపెనీ రంజన్‌గావ్ ఫ్యాక్టరీ పుణె దగ్గర ఇంకా నడుస్తోంది, అక్కడే జీప్ కంపాస్ చేస్తున్నారు అని మాట మార్చా. మా ఆవిడ అభ్యంతరం ఇంకోటి. "కారు మీద తేలు బొమ్మేంటండీ, చూస్తేనే భయమేస్తోంది." అబార్త్ కంపెనీ పెట్టిన కార్లో అబార్త్ నవంబర్ 15న పుట్టాడు, వాళ్ళ లెక్కలో వృశ్చిక రాశి, అందుకని తేలు పెట్టుకున్నాడు అని చెప్పా. మన లెక్కలో చంద్రుణ్ణి బట్టి కదా రాశి, ఆయనది ఏ మేషమో అయ్యుంటే కారు మీద పొట్టేలు ఉండేది అనేసరికి నవ్వింది. నవ్వితే ఒప్పుకున్నట్టే అని నేను రాసేసుకున్నా.

కానీ రాత్రి పడుకుంటే నాక్కూడా టెన్షనే. అమ్మిన కంపెనీ అమ్మకాలు మానేసిన బండి, రేపు ఏదైనా పోతే ఎవరు చూస్తారు? అందుకే ముందు బండి వెతకడం ఆపేసి మెకానిక్‌ని వెతికా. ఇది ఒక్కటే నేను ఈ వ్యవహారం మొత్తంలో బుర్ర పెట్టి చేసిన పని.

నేను ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్ట్స్ కొట్లో లెక్కలు రాస్తా. ఆటోనగర్ తెలియని వాళ్ళకి ఒక మాట, అక్కడ ఉట్టి చాసిస్ ఇస్తే లారీ కట్టి పంపిస్తారు, దొరకని బుష్ ఉంటే లేత్ మీద తిప్పి ఇస్తారు. అయినా సరే "ఫియట్ పెట్రోల్ టర్బో" అనగానే ఐదుగురిలో నలుగురు చేతులు తుడుచుకుంటూ "వద్దు గురూ" అన్నారు. ఐదో ఆయన వయసు అరవై దగ్గర్లో ఉంటుంది, అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. రేకుల షెడ్డు, గోడకి పానాలు సైజుల వారీగా మేకులకి వేలాడదీసి, ఒక్కో పానా వెనక పెయింటుతో దాని ఆకారం గీసి ఉంది, ఏది తిరిగి రాలేదో చూడగానే తెలిసిపోతుంది. అది చూసి సగం నమ్మకం కుదిరింది. "స్విఫ్ట్ డీజిల్ ఇంజన్ ఎవరిదనుకున్నావ్? ఫియట్‌దే. ఏళ్ళ తరబడి నేను విప్పేది అదేగా" అన్నాడు. ఆ 1.3 డీజిల్ వేరు ఇది వేరు బాబాయ్ అంటే, "తెలుసులేవయ్యా, ఫియట్ లీనియా టీ-జెట్లు రెండు నా దగ్గరికే వస్తాయి, దాని ఇంజన్నే దీంట్లో పవర్ పెంచి పెట్టారు" అన్నాడు.

ఆయన మూడు షరతులు పెట్టాడు. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు చూపిస్తేనే మార్చినట్టు లెక్క, నోటిమాట చెల్లదు, ఎందుకంటే అది చైన్ కాదు బెల్ట్, నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లు తగులుకుని ఇంజన్ పని అయిపోతుంది. రెండు, కంప్యూటర్‌లో పవర్ పెంచిన బండి అసలు ముట్టుకోవద్దు. మూడు, వెళ్ళే ముందు ఓనరుకి ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే లోపాలు దాగవు.

అమ్మకానికి ఉన్నవి ఎక్కువ దొరకవు. రెండు నెలల్లో నా అందుబాటులో మూడు కనబడితే, ఒకటి బెంగళూరు, నా ఓపికకి దూరం. హైదరాబాద్‌లో మొదటిది నల్లది, చూడ్డానికి దిమ్మ తిరిగేలా ఉంది, వెనక గొట్టం మార్చి, పవర్ పెంచి, "అన్నా, ఇప్పుడు 180 హార్స్‌పవర్" అని ఆ కుర్రాడు గర్వంగా చెబుతుంటే నేను మనసులో బాబాయ్‌కి దణ్ణం పెట్టుకుని వచ్చేశా. రెండోది 2016 మోడల్, తెలుపు మీద ఎర్ర గీతలు, 48,000 కిలోమీటర్లు, ఓనరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కెనడా వెళ్ళిపోతున్నారు. చెప్పిన రేటు 5.75.

ఆ రోజు బాబాయ్‌ని కూడా తీసుకెళ్ళా, రానూపోనూ ఖర్చు, రోజు కూలీ, సూర్యాపేటలో టిఫిన్ నావే. ఈయన వెళ్ళగానే ఎవరినీ పలకరించకుండా బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. అప్పుడు నమస్కారం పెట్టాడు ఓనరు గారికి. స్టార్ట్ చేయించి ఐదు నిమిషాలు ఊరికే ఉంచి, ఒక్కసారి ఎక్సలేటర్ నొక్కించి వెనక పొగ చూశాడు, నీలంగా వస్తే ఆయిల్ మండుతున్నట్టట, రాలేదు. టర్బో దగ్గరి గాలి పైపు క్లిప్పు విప్పి లోపల వేలు పెట్టి తిప్పి, బయటికి తీసి ఎండలో పెట్టి చూసుకున్నాడు. కొంచెం చెమ్మ తప్ప ఆయిల్ కారడం లేదు. నేను తెచ్చుకున్న చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే ఎర్రర్లేం రాలేదు గానీ, ఆయన దాన్ని అస్సలు పట్టించుకోలేదు.

టైర్లకి గ్రిప్పు బాగానే ఉంది. అక్కడ నేను మోసపోయేవాణ్ణే. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చదివాడు, 2218. అంటే 2018లో 22వ వారం తయారైనవి, మేం చూస్తున్నది 2024లో. వంగి దగ్గరగా చూస్తే పక్క గోడల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు. నాలుగూ మార్చాల్సిందే. బెల్ట్ మార్పించాను అన్నారు ఓనరు, బిల్లు లేదు. ముందు చక్రాలని పట్టుకునే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు అరిగి గుంటల్లో టక్ టక్ మంటున్నాయి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా డబ్బులు వేసి, గొడవ లేకుండా ఆ కాగితమే ఆయన చేతికిచ్చాడు బాబాయ్. 5.20కి కుదిరింది. ఆ కాగితం మళ్ళీ అడిగి తీసుకుని దాచుకున్నా.

ఇక కాగితాల కథ, దాని గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. బండి నంబరు ఆన్‌లైన్‌లో కొడితే ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. లోను ఎప్పుడో కట్టేశారట, కానీ బ్యాంకు లెటరు, ఫారం 35 పెట్టి ఆర్‌సీ మీంచి ఆ పేరు తీయించలేదు. అది పోనిదే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవచ్చని ఇచ్చే ఎన్‌ఓసీ రాదు. చలాన్లు చూస్తే మూడు, మూడూ ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడుకి, ఒక్కోటి 1,035. ఓనరు గారు కాస్త సిగ్గుపడి అక్కడే ఫోన్‌లో కట్టేశారు, నాకు మాత్రం బండి బాగానే పరిగెడుతోందన్న మాట అని సంతోషం వేసింది. అడ్వాన్సు యాభై వేలు ఇచ్చి కూర్చున్నా. ఒక ఏజెంటు వారంలో అయిపోతుందన్నాడు, ఐదు వారాలు పట్టింది. బ్యాంకు పేరు తీసేశాక ఫారం 28 మీద ఎన్‌ఓసీ, దాంట్లో విజయవాడ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద ఓనరు సంతకాలు, ఆయన విమానం ఎక్కకముందే రెండు సెట్లు పెట్టించా, ఇది మాత్రం మా కొట్టు ఓనరు ఇచ్చిన సలహా.

ఇక్కడికొచ్చాక లైఫ్ టాక్స్. ఇది నేను కొన్న 5.20 మీద వేస్తారనుకున్నా. కాదు, బండి అసలు ధర పట్టుకుని, దాని వయసును బట్టి తగ్గించి వేస్తారు. పక్క రాష్ట్రం బండి చవగ్గా వస్తోందని ఎగిరే వాళ్ళు ముందు ఈ లెక్క కనుక్కోండి, నా ఆరు లక్షల బడ్జెట్ చిరిగింది ఇక్కడే. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ కూడా పాత ఓనరుతోనే పోతుంది, బండితో రాదు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసే పని ఎండలో నేనే చేశా, మూడోసారికి గానీ అంకెలు సరిగ్గా పడలేదు. చివరికి ఏపీ 39 నంబరు వచ్చింది.

హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న రోజు మాత్రం వేరే. బెల్ట్ బిల్లు లేదు కాబట్టి మూడు వేల ఆర్‌పీఎమ్ దాటించొద్దని బాబాయ్ ఒట్టు వేయించుకున్నాడు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోల్‌గేట్లూ నిఖార్సయిన పెళ్ళివారి కారులా నెమ్మదిగా దాటా, వెనక నుంచి స్విఫ్ట్‌లు హారన్ కొట్టి మరీ వెళ్ళాయి. గొల్లపూడి దాటి దుర్గమ్మ ఫ్లైఓవర్ ఎక్కాక కుడి పక్కన కృష్ణ, ముందు ఖాళీ రోడ్డు. ఒట్టు అక్కడ ఒక్క క్షణం తప్పింది. బాబాయ్‌కి ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడే బెల్ట్, వాటర్ పంపు, బుష్‌లు మార్చడానికి బండి విప్పాం. తీసిన బెల్ట్ చేత్తో వంచితే పళ్ళ మొదట్లో సన్న గీతలు కనబడ్డాయి, మార్పించానన్న మాట ఎప్పటిదో మరి. పార్టులు పుణె నుంచి కొరియర్‌లో తొమ్మిది రోజులకొచ్చాయి, అన్ని రోజులూ బండి షెడ్డులోనే. ఊళ్ళో మైలేజీ తొమ్మిది, హైవే మీద నెమ్మదిగా పోతే పద్నాలుగు. నలుగురు ఎక్కితే మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ కింద తగులుతుంది, అందుకని మా బావమరిది అక్కడ దిగి నడిచి, బ్రేకర్ దాటాక ఎక్కుతాడు. ఎక్కిన ప్రతిసారీ రీసేల్ ఎంతొస్తుందో అడుగుతాడు.

ఇంకోసారి తొమ్మిది రోజులు ఆగలేక, ఈమధ్య ఒక ఇంజన్ మౌంటు, ఒక జత లోయర్ ఆర్మ్‌లు, ఒక బెల్ట్ కిట్ ముందే తెప్పించి బాబాయ్ షెడ్డులో పై అరలో అట్టపెట్టెలో పెట్టించా, పైన నా పేరు సుద్దతో రాశాడు. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు.

"గుంటూరు నుంచి లీనియా ఒకటి వచ్చింది, టీ-జెట్టే. బెల్ట్ చూస్తే రేపో మాపో అన్నట్టుంది. నీ పెట్టెలోది ఇవ్వనా?"

"ఇచ్చెయ్ బాబాయ్. ఈసారి రెండు తెప్పిద్దాం."