వేలి గాయం మానాక కూడా వదలని జబ్బు

టరాంటులా అనే పెద్ద, రోమాలున్న సాలీడు కాటు ఎలా ఉంటుందని అడిగితే చాలామంది పెంపకందారులు చెప్పే జవాబు ఒక్కటే: తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, సాయంత్రానికి తగ్గిపోతుంది. అమెరికా ఖండాల్లో పుట్టిన చాలా జాతుల విషయంలో ఆ జవాబు నిజానికి దగ్గరగానే ఉంటుంది. నన్ను కరిచినది మాత్రం ఆ కోవలోది కాదు. అది పోయెసిలోథీరియా రెగాలిస్ అనే, భారతదేశపు అడవుల్లో చెట్ల తొర్రలలో బతికే జాతికి చెందిన ఆడ సాలీడు. పెంపకంలోనే పుట్టి, గోరంత పిల్లగా నా దగ్గరికి వచ్చి, కాళ్లు చాపితే అరచేతిని మించేంతగా నా కళ్లముందే పెరిగింది. దాని కాటు వల్ల వచ్చిన అనారోగ్యంలో వేలి నొప్పి చిన్న భాగం మాత్రమే. ఆ నొప్పి పోయి, గాయం ఆనవాలు లేకుండా మానిపోయిన తర్వాత కూడా, ఒంట్లోని కండరాలు ఒకదాని తర్వాత ఒకటి పట్టేస్తూ గడిచిన రోజులే అసలు జబ్బు. ఆ రెండో భాగాన్ని గురించి ముందుగా తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆ రోజు దానిని చిన్న పెట్టెలోంచి పెద్ద పెట్టెలోకి మారుస్తున్నాం. మనిషికీ సాలీడుకీ మధ్య మూత అనేది లేకుండా పోయే సమయం అది. కాటు పడే అవకాశం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. గది తలుపు కింది సందును గుడ్డతో మూసి, రెండు పెట్టెలనూ నేల మీదనే ఉంచి, చేతికందేలా ఒక పారదర్శకమైన డబ్బా, దాని కిందికి దూర్చడానికి గట్టి అట్ట, పొడుగాటి పట్టకారు పెట్టుకుని, తమ్ముణ్ణి పక్కన ఉండమని చెప్పి పని మొదలుపెట్టాను. అది దాక్కున్న బెరడు ముక్కను కదిపిన మరుక్షణంలో పట్టకారు పొడవునా పరుగెత్తి నా చేతి మీదికి వచ్చింది. పోయెసిలోథీరియా అనే ఈ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) సాలీళ్ల వేగం చూసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. చూపుడు వేలి కణుపు మీద రెండు కోరలూ దిగాయి. నేను చెయ్యి విదిలించలేదు. విదిలిస్తే అది మళ్లీ కరవవచ్చు, లేదా నేలమీద పడి పొట్ట పగిలి చనిపోవచ్చు. కొద్ది క్షణాల్లో అదే దిగి గోడవారకు పోయింది. తమ్ముడు దాని మీద డబ్బా బోర్లించి, "నువ్వు వెళ్లి చెయ్యి కడుక్కో అన్నయ్యా, దీని సంగతి నేను చూస్తాను" అన్నాడు. కాటు తిన్న మనిషే మండుతున్న చేత్తో, తప్పించుకున్న సాలీడు కోసం గదంతా వెతకవలసిన పరిస్థితిని ఊహించుకుంటే, ఈ పని ఒంటరిగా చేయకూడదన్న నియమం ఎంత విలువైనదో తెలుస్తుంది.

సబ్బుతో కడుగుతుండగానే మంట మణికట్టు దాకా పాకింది. వేలికి ఉన్న ఉంగరాన్ని వెంటనే తీసేశాను. ఆలస్యమైతే వాపు దానిని బిగించేస్తుంది. గుడ్డలో చుట్టిన మంచు పెట్టుకుని, చేతిని గుండెకంటే ఎత్తులో ఉంచుకున్నాను. తాడు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం వంటివి ఏవీ చేయలేదు, ఎవరూ చేయకూడదు కూడా. వాటివల్ల విషం బయటికి రాదు సరికదా, కణజాలం దెబ్బతిని ఇన్ఫెక్షన్ చేరుతుంది. అరగంటకల్లా చెమటలు పట్టాయి, గుండె వేగంగా కొట్టుకోసాగింది. అది విషప్రభావమో భయమో నాకు నేనుగా తేల్చుకోగలిగిన స్థితి కాదు కనుక ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడి వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ నచ్చుతుంది: "ఏ సాలీడో కచ్చితంగా తెలుసా అండీ?" తెలుసని చెప్పి శాస్త్రీయ నామం రాసి ఇచ్చాను. ఆమె విష సమాచార కేంద్రానికి ఫోన్ చేసి, ఆ ప్రజాతి పేరుతోనే వివరాలు కనుక్కున్నారు. టరాంటులా విషానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. చికిత్స అంతా లక్షణాలనుబట్టే సాగుతుంది. ఈసీజీ తీశారు, రక్త పరీక్షలకు పంపారు, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు, నొప్పికి మందు వేశారు. ముఖం, పెదవులు వాస్తున్నాయా, ఊపిరి ఆడడంలో ఇబ్బంది ఉందా అని పదేపదే చూశారు. ఏ విషానికైనా రాగల తీవ్రమైన అలర్జీ తొలి గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త. నాకు అది రాలేదు. టరాంటులా విషంతోనే మనిషి మరణించినట్టు నిర్ధారణ అయిన సందర్భం వైద్య సాహిత్యంలో లేదని ఆమె చెప్పినప్పుడు తమ్ముడి ముఖంలో కాస్త కళ కనిపించింది. ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఆమె ఒక మాట నొక్కి చెప్పారు: ఈ ప్రజాతి కాటులో కండరాలు పట్టేయడం చాలా గంటలు గడిచాక మొదలుకావచ్చు, అది మొదలైతే తిరిగి రావాలి.

ఆ మాట లేకపోతే ఆ రాత్రి నాకు ఏమవుతున్నదో అర్థమయ్యేది కాదు. అప్పటికి వేలి మంట సగానికి పైగా తగ్గి, నిద్ర పట్టబోతుండగా కరిచిన చేతి ముంజేయి తడిబట్టను పిండినట్టు మెలిదిరిగి బిగుసుకుంది. అది వదిలేలోగా భుజం పట్టింది. తెల్లవారేసరికి, కాటుతో ఏ సంబంధమూ లేదనిపించే రెండు పిక్కలూ, తొడలూ వంతులవారీగా పట్టసాగాయి. దవడ బిగుసుకుని నమలడం కష్టమైంది. అన్నిటికంటే భయపెట్టినది ఛాతీ గోడ కండరాలు పట్టడం. ఊపిరి నిండుగా తీసుకోబోతే సగంలో ఆగిపోయేది. గుండెపోటుకూ దీనికీ తేడా రోగికి తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించడం కూడా తగదు. రెండోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మళ్లీ ఈసీజీ తీసి, గుండెకు ఏమీ కాలేదని నిర్ధారించుకున్న తర్వాతే కండరాల సంగతి చూశారు.

సాలీడు విషం ఎక్కువగా పెప్టైడుల, అంటే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల, మిశ్రమం. అవి నరాల మీదా కండరాల మీదా ఉండే అయాన్ ద్వారాలను, అంటే సోడియం, పొటాషియం, కాల్షియం వచ్చిపోయే సూక్ష్మమైన మార్గాలను పట్టుకుని, మూసుకోవలసినప్పుడు తెరిచి ఉంచుతాయి, లేదా తెరుచుకోవలసినప్పుడు మూసేస్తాయి. కోలుకుంటున్న రోజుల్లో దీని గురించి చదువుతుంటే నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. మిరపకాయలోని కారపు పదార్థం క్యాప్సైసిన్ మన శరీరంలో ఏ గ్రాహకాన్ని, అంటే నరాల మీద నొప్పిని పసిగట్టే ఏ ద్వారాన్ని, మేల్కొలిపి మంట పుట్టిస్తుందో కనిపెట్టినందుకు శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆయన ప్రయోగశాలే 2006లో, ట్రినిడాడ్‌కు చెందిన సామోపోయస్ కేంబ్రిడ్జీ అనే టరాంటులా విషంలోని పెప్టైడులు సరిగ్గా అదే గ్రాహకాన్ని ప్రేరేపిస్తాయని చూపించింది. ఒక మొక్కా, ఒక సాలీడూ తమను తినవచ్చిన జంతువును తరమడానికి నొప్పి అనే ఒకే తలుపును తట్టడం నేర్చుకున్నాయన్నమాట. నన్ను కరిచినది వేరే ప్రజాతి కనుక దాని విషానికి ఇదే వివరణ అని అనను. కానీ గాయం ఇంత చిన్నదై ఉండి నొప్పి అంత పెద్దది ఎలా అయిందన్న నా ప్రశ్నకు జవాబు ఏ దిక్కున ఉందో అది చూపించింది.

రెండోసారి ఆసుపత్రిలో కండరాలను సడలించడానికి డయాజెపామ్ ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. రక్తంలో కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం చూశారు. క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ కొలత మామూలుకంటే ఎక్కువగా ఉంది. అదే పనిగా బిగుసుకునే కండరాల నుంచి అది రక్తంలోకి వస్తుంది. మరీ పెరిగితే కండరాల శిథిలాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే క్షణం ఆలస్యం చేయవద్దని నాకు చెప్పినది అందుకే. నా విషయంలో అంతదాకా రాలేదు. ఈ మందులన్నీ వైద్యుల పర్యవేక్షణలో వాడవలసినవి. ముఖ్యంగా డయాజెపామ్ ఊపిరిని మందగింపజేయగలదు కనుక ఇంట్లో ఉన్నది కదా అని వేసుకోవలసినది కాదు.

ఆ తర్వాతి కాలం నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా గడిచింది. రెండు రోజులు ఏమీ లేకుండా పోయి, ఇక తగ్గిపోయిందనుకుంటుండగా, మెట్లెక్కిన రోజు రాత్రో, చల్లని నీళ్లలో చేతులు పెట్టినప్పుడో పిక్కలూ వేళ్లూ మళ్లీ పట్టేసేవి. ఒక్కొక్కసారి కలం పట్టుకున్న బొటనవేలు లోపలికి ముడుచుకుని, రెండో చేత్తో విప్పవలసి వచ్చేది. బయటికి చూస్తే నేను ఆరోగ్యంగా ఉన్నాను. వాపు లేదు, గాయం లేదు, జ్వరం లేదు. ఇంకా నొప్పిగా ఉందని చెబితే నమ్మడానికి ఎదుటివాళ్లకు కనబడేది ఏదీ లేకపోవడం ఈ జబ్బులోని ఒంటరితనం. ఈ ప్రజాతి కాటు తిన్నవారి అనుభవాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. వాటిలో ఈ తిరగబెట్టడం స్పష్టంగా కనిపిస్తుంది. అవి చదివిన తర్వాత నా మనసు కుదుటపడింది. గోరువెచ్చని కాపడం, తేలికపాటి సాగదీత, సరిపడా నీళ్లు, బరువు పనులకు విరామం తప్ప ఈ దశలో వేరే చికిత్స లేదు. వారాలు గడిచేకొద్దీ రెండు పట్టులకూ మధ్య ఎడం పెరిగి, ఒకనాటికి అవి రావడం మానేశాయి. చివరి రక్త పరీక్షలో ఎంజైమ్ కూడా మామూలు స్థాయికి వచ్చింది.

ఇంతా చెప్పాక కూడా టరాంటులాలను భయంకరమైన జీవులుగా ఎవరూ భావించకూడదనే నా కోరిక. 1,000కి పైగా జాతులున్న ఈ కుటుంబంలో ప్రమాదం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటి విషం తేలికైనది. కానీ వాటి పొట్ట మీద ముళ్లలాంటి సూక్ష్మ రోమాలుంటాయి, బెదిరినప్పుడు వెనక కాళ్లతో వాటిని గాలిలోకి రాల్చుతాయి. చర్మం మీద పడితే దద్దుర్లు, కంట్లో పడితే నెలల తరబడి వేధించే వాపు. అందువల్ల వాటి పెట్టె శుభ్రం చేసేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు అవసరం, పని అయ్యేదాకా ముఖం తాకకూడదు. ఆసియా, ఆఫ్రికా జాతులకు ఆ రోమాలు లేవు. వాటి రక్షణ అంతా వేగంలో, కోరల్లో ఉంది. ఇంట్లో కుక్క ఉన్నవారు మరింత ఆలోచించాలి: ఆస్ట్రేలియా టరాంటులాల కాటుకు కుక్కలు చనిపోయినట్టు నమోదైంది, అవే సాలీళ్లు మనుషులను కరిస్తే తీవ్రమైన హాని జరగలేదు. ఒంటి పరిమాణాన్ని చూసి ప్రమాదాన్ని అంచనా వేయడం సాధ్యం కాదని దీనివల్ల తెలుస్తుంది.

కొనేటప్పుడే శాస్త్రీయ నామం, పెంపకంలో పుట్టినదనే ఆధారం అడిగి తీసుకోవాలి. వ్యాపార నామాలు ఊరికొకటిగా మారతాయి, వైద్యుడికి అవి ఉపయోగపడవు. ఆధారం అడగడానికి ఇంకొక కారణం కూడా ఉంది. 1899లో గుత్తిలో దొరికిన నమూనాతో లోకానికి తెలిసిన నీలి సాలీడు పోయెసిలోథీరియా మెటాలికా, మళ్లీ 2001 దాకా శాస్త్రజ్ఞుల కంటబడలేదు. నేడు అడవిలో అంతరించిపోయే ప్రమాదపు చివరి అంచున ఉంది. 2019 నుంచి ఈ ప్రజాతి మొత్తం మీద అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉంది. అడవి నుంచి పట్టుకొచ్చిన దానిని కొనడం అంటే ఉన్న కాసిన్నిటినీ ఊడ్చివేయడంలో పాలుపంచుకోవడమే.

చేతిలోకి తీసుకోవడం అనేది నేను ఏ జాతితోనూ చేయను. సాలీడుకు మనిషి స్పర్శ వల్ల కలిగే సంతోషం ఏదీ లేదు. అడుగెత్తు నుంచి పడినా దానికి ప్రాణాపాయమే. ఆహారం, నీళ్లు పొడుగాటి సాధనాలతోనే అందిస్తాను, మూత తీసే ముందు అది ఎక్కడుందో కంటితో చూస్తాను. కనబడకపోతే తీయను. ముందు కాళ్లు పైకెత్తి కోరలు చూపిస్తే అది హెచ్చరిక. ఆ రోజుకు ఆ పెట్టె పని ఆపేస్తాను. కుబుసం విడిచే రోజుల్లో అది వెల్లకిలా పడి ఉంటుంది, చచ్చిపోయిందనుకుని కదిలించకూడదు. పెట్టెలకు తాళాలున్నాయి. ప్రతి పెట్టె మీదా శాస్త్రీయ నామం, విషం తీరు, విష సమాచార కేంద్రం నంబరు రాసిన చీటీ ఉంది. పోయెసిలోథీరియా చీటీ మీద మరో వాక్యం చేర్చాను: కండరాల పట్టు గంటల తర్వాత మొదలై, తగ్గినట్టే తగ్గి, వారాల తర్వాత కూడా తిరిగి రావచ్చు.

ఆ చీటీ నకలు ఒకటి ఆ వైద్యురాలు అడిగి తీసుకుని తమ విభాగంలో పెట్టుకున్నారు. ఇలాంటి సాలీణ్ణి తెచ్చుకోవాలని ఉందని ఎవరైనా నన్ను సంప్రదిస్తే, గుండెజబ్బు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ ప్రజాతి జోలికి వెళ్లవద్దని నిస్సంకోచంగా చెబుతాను. మిగిలినవాళ్లను ముందుగా నెమ్మదిగా కదిలే జాతితో కొన్నేళ్లు గడపమంటాను. ఆ తర్వాత కూడా కావాలనుకుంటే, పెట్టె కొనడానికి ముందే దగ్గరలోని ఏ ఆసుపత్రిలో రాత్రిపూట కూడా ఈసీజీ తీస్తారో కనుక్కుని రమ్మంటాను.