ఆ ప్యూపా బతికే ఉందా?

మల్కాజిగిరిలో మాది రెండో అంతస్తు. బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ ఉంది. వానలు మొదలయ్యాక కొత్త చిగుళ్ల మీద పిట్టరెట్టల్లాంటివి కనిపించాయి. పుల్లతో తీసేయబోతే కదిలాయి! సీతాకోకచిలుక పిల్లలవి. కరివేపాకు నిమ్మ కుటుంబపు మొక్క కదా, నిమ్మచెట్ల మీద పెరిగే పురుగులే దీని మీదా పెరుగుతాయి. చిన్నప్పుడు రెట్టలా కనబడితే పిట్టలు ముట్టవు. పెద్దయ్యాక ఆకుపచ్చబడి ఆకుల్లో కలిసిపోయాయి. అయినా ఒకదాన్ని నా కళ్లముందే పిగిలిపిట్ట ఎత్తుకుపోయింది. పాప ఏడ్చింది.

మూడు రెమ్మలు మోడయ్యేసరికి అత్తమ్మకు కోపమొచ్చింది. "ఆకంత అవే తింటే చారుల ఏమెయ్యాలె? జర వేపనూనె కొట్టరాదు."

నేను కొట్టలేదు. అంత ఆకు తిన్న పురుగు నా చిటికెనవేలంతే ఉంది. తిన్నదాంట్లో కొంత అరగక రెట్టగా పడిపోతుంది, కొంత బతకడానికే ఖర్చై వేడిగా పోతుంది. ఒంటికి పట్టేది కొంచెమే. ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తి ఇలా తరిగిపోవడాన్ని అమెరికా శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ 1942లో ఒక చిన్న సరస్సును చూసి వివరించాడు. చేరేది సుమారు పదోవంతు అని పాఠాల్లో చెప్పేది ఆ లెక్కనే. కుండీలో రాలిన రెట్టలు మట్టిలో కలిసి మళ్లీ మొక్కకు అందుతాయి. వేడిగా పోయిన శక్తి మాత్రం తిరిగి రాదు, అందుకే రోజూ కొత్తగా ఎండ కావాలి.

మిగిలిన పురుగుల్లో ఒకటి గ్రిల్‌కు పట్టుదారంతో నడుము కట్టుకుని ప్యూపా అయింది, అంటే సీతాకోకచిలుకగా మారేముందు పెంకులో కదలకుండా ఉండే దశ. ఏడో తరగతి చదివే మా పాప నోట్సు పట్టుకొచ్చింది. అందులో ప్రాణుల లక్షణాల పట్టిక ఉంది: చలనం, పోషణ, శ్వాసక్రియ, పెరుగుదల, విసర్జన, ప్రత్యుత్పత్తి. "అమ్మా, ఇది తింటలేదు, కదుల్తలేదు, పెరుగుతలేదు. బతికే ఉందా?"

మంచి ప్రశ్న. ఆ పట్టికను ఒక్క పూట చూసి టిక్కులు పెట్టేస్తే గింజ కూడా ఓడిపోతుంది. కంచరగాడిద సాధారణంగా పిల్లల్ని కనదు, అయినా అది ప్రాణి కాదని ఎవరంటారు? ఒంటికి రెండు పక్కలా ఉన్న శ్వాసరంధ్రాలతో ప్యూపా గాలి పీలుస్తూనే ఉంటుందని, లోపల పాత ఒళ్లు చాలావరకు కరిగి కొత్త ఒళ్లు తయారవుతోందని చెప్పాను. పాప శ్వాసక్రియకు టిక్కు పెట్టింది. మిగతావాటికి పెన్సిలుతో ప్రశ్నార్థకాలు.

రోజూ బడికి వెళ్లేముందు చూసేది. చివర్లో పెంకు పల్చబడి లోపల రెక్కల మచ్చలు కనిపించాయి. మర్నాడు పొద్దున అది బయటికొచ్చి, ముడుతలు పడ్డ రెక్కలు మెల్లగా సాగదీసుకుంటూ వేలాడింది. కింద గచ్చు మీద రెండు చుక్కల ద్రవం పడింది. ప్యూపాగా ఉన్నన్నాళ్లు లోపల దాచుకున్న వ్యర్థం అది.

"విసర్జన!" అని అరిచింది పాప, పెన్సిలు కోసం లోపలికి పరిగెత్తుతూ.

ఇప్పుడు అత్తమ్మ కరివేపాకు తెంపేముందు ప్రతి రెమ్మా తిప్పి చూస్తోంది.