పారడీస్ స్టేషన్‌లో దిగి

లైప్‌జిగ్‌లో రైలెక్కితే గంటకి కాస్త అటూ ఇటుగా యేనా వస్తుంది. మేం దిగిన స్టేషన్ పేరు యేనా పారడీస్. పారడీస్ అంటే స్వర్గమే. "బొందితో తీసుకొచ్చేశాగా నాన్నా!" అంది మా అమ్మాయి. తను అక్కడ ఎమ్మెస్ చదువుతోంది.

అందరూ జర్మనీ వెళ్ళి కోటలు చూస్తే నేను యేనా ఎందుకు అడిగానంటే, పరిణామవాదాన్ని ప్రచారం చేసిన జర్మన్ జంతుశాస్త్రవేత్త హెకెల్ ఊరని. గుంటూరులో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. ఏటా పరిణామం చాప్టర్ రాగానే బోర్డు మీద చేప, సాలమాండర్, తాబేలు, కోడి, మనిషి పిండాల బొమ్మలు వరసగా వేసేవాణ్ణి. కింద 'హెకెల్' అని గీత గీసి, "ఇంపార్టెంట్ రా" అనేవాణ్ణి. ఆ బొమ్మల్లో ఆయన పోలికలు కావాలని పెంచి గీశాడని 1870ల నుంచే గొడవ ఉందట. నాకు ఆ సంగతి రిటైరయ్యే ముందు గానీ తెలీలేదు.

జీవపరిణామం చూపించే ఫైలెటిక్ మ్యూజియం స్టేషన్‌కి దగ్గరే. 1907లో హెకెలే పునాదిరాయి వేశాడు. లోపలికి వెళ్ళగానే తలెత్తి చూడాలి. పైకప్పు మీద జెల్లీచేపలు. ఆయన గీసిన బొమ్మలనే అక్కడ దించారు. జడపాయల్లాంటి టెంటకిల్స్, గొడుగు అంచున కుచ్చులు. పెళ్ళిపందిరి కింద నిలబడ్డట్టుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఆయన మొదటి భార్య ఆనా, సరిగ్గా ఆయన ముప్పయ్యో పుట్టినరోజున, 1864లో చనిపోయింది. తర్వాత ఒక జెల్లీచేపకి ఆమె పేరు పెట్టుకున్నాడు. కట్టుకున్న ఇంటిక్కూడా విల్లా మెడూజా అని జెల్లీచేప పేరే. ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

కోపం బెంచీ మీద కూర్చున్నాక వచ్చింది. 1868లో అచ్చయిన ఆయన సృష్టిచరిత్ర పుస్తకం, తర్వాతి ఎడిషన్ ఒకటి, అమ్మాయి ఫోన్‌లో తీసింది. మనుషుల్ని పన్నెండు రకాలుగా విడదీసి పట్టిక వేశాడు. 'రకాలు' అని మెత్తగా అంటున్నాను గానీ ఆయన వాడింది స్పీషీస్ అన్న మాట. గుర్రం వేరు, గాడిద వేరు అన్నట్టు. అడుగున పాపువన్లు, చివర్న పన్నెండోది మధ్యధరా జాతి, అందులోనూ అందరికన్నా పైన జర్మన్ల బంధువర్గం. పదో నంబరు చూపించి అమ్మాయి నవ్వింది. 'ద్రవిడా'. దక్కనువాళ్ళూ సింహళీయులూ అని పక్కన వివరణ. పన్నెండుకి పది. మా క్లాసులో అయితే డిస్టింక్షనే.

నేను నవ్వలేకపోయాను. ముప్పై ఏళ్ళు ఈయన బొమ్మ వేసింది నేను. ఆ బొమ్మ గీసినాయన పట్టికలో నా పేరు ఏ వరసలో ఉందో ఎప్పుడూ చూడలేదు. బలహీనంగా పుట్టిన పిల్లల్ని చంపేసిన స్పార్టావాళ్ళని మెచ్చుకున్నదీ ఈ పుస్తకంలోనే.

అక్కణ్ణించి నాజీల దాకా తిన్నగా గీత గీయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ఊరు కూడా సాయం చేస్తుంది. 1930లో ఈ ఊరున్న తురింగియా రాష్ట్ర మంత్రివర్గంలో చేరిన నాజీ ఫ్రిక్, యేనా యూనివర్సిటీలో జాతుల మీద పుస్తకాలు రాసే హాన్స్ గుంతర్‌కి జాతిశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ కుర్చీ వేయించాడు. అధ్యాపకులు వద్దన్నారు. ప్రారంభోపన్యాసానికి హిట్లరే వచ్చి కూర్చున్నాడు. కానీ ఆ గీత మధ్యలో తెగుతుంది. 1906లో హెకెల్ ఇక్కడ స్థాపించిన, మతం బదులు సైన్సుని నమ్ముకున్న మోనిస్టు సంఘంలో యుద్ధవ్యతిరేకులూ ఉండేవారు. నాజీ క్యాంపులో చిత్రహింసలు పడి నోబెల్ శాంతి బహుమతి పొందిన జర్నలిస్టు ఒసియెట్‌స్కీ అందులోవాడే. ఆ సంఘాన్ని 1933లో నాజీలే మూయించారు. వాళ్ళకి హెకెల్ మొత్తం అక్కర్లేదు, ఆ జాతుల నిచ్చెన ఒక్కటి చాలు.

ఆయన పోయి వందేళ్ళయిన 2019లో, ఇదే యేనాలో జంతుశాస్త్రవేత్తలు ఒక ప్రకటన చేశారు. జాత్యహంకారం నుంచే జాతి అన్న భావన పుట్టింది తప్ప జాతులు ముందుండి కాదు అని. ఆఫ్రికావాళ్ళనీ కానివాళ్ళనీ విడదీసే జన్యువు ఒక్కటీ లేదని. రాసినవాళ్ళలో ఈ మ్యూజియం అప్పటి డైరెక్టర్ ఒకరు. అది చదివాక టీ తాగబుద్ధయింది. టీ బాగోలేదు.

చర్చిని అంతలా తిట్టిన హెకెల్ ఇలా ఉంటే, 'అందరం ఒక్క ఆదాము పిల్లలం' అనే చర్చివాళ్ళయినా అడ్డుపడి ఉండాలి కదా. ఆ ఆశ మర్నాడు ఐసెనాఖ్‌లో పోయింది. సంగీతకారుడు బాఖ్ పుట్టిన ఊరు, కొండమీద ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలెట్టిన లూథర్ కొత్త నిబంధన అనువదించిన వార్ట్‌బుర్గ్ కోట. 1939 మే 6న ఆ కోటలోనే ఒక సంస్థకి ప్రారంభోత్సవం చేశారు. పదకొండు ప్రొటెస్టెంటు ప్రాంతీయ చర్చిలు కలిసి పెట్టినది. పని ఏమిటంటే, క్రైస్తవంలోంచి యూదుల ఛాయలు తుడిచెయ్యడం. యేసు యూదుడు కాడని నిరూపించడానికి కష్టపడ్డ ప్రొఫెసర్ గ్రుండ్‌మాన్ పాఠాలు చెప్పింది ఎక్కడా? యేనాలోనే. కొత్త నిబంధనని కోసి కుట్టి 1940లో అచ్చేశారు. మరుసటి ఏడాది చర్చి పాటల పుస్తకం. అందులో సియోను లేదు, హల్లెలూయ లేదు, హీబ్రూ మాటలని. యుద్ధం అయ్యాక గ్రుండ్‌మాన్ ఈ ఐసెనాఖ్‌లోనే చర్చి శిక్షణాలయానికి పెద్దయ్యాడు.

ఆ సంస్థ ఉన్న వీధిలో 2019లో చర్చిలే ఒక స్మారకం పెట్టాయి. దానిమీది వాక్యం అమ్మాయి చదివి చెప్పింది. "మేం దారి తప్పాం." వీధిలో ఎవరూ లేరు. ఎవరో సైకిల్ బెల్లు కొడితే పక్కకి జరిగాం.

తిరుగు రైలు నలభై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫాం మీంచి గుంటూరుకి ఫోన్ చేశాను, మా కెమిస్ట్రీ మాస్టారికి. నాతో పాటే ఏసీ కాలేజీలో చదివాడు, పుట్టు లూథరన్, యాభై ఏళ్ళుగా క్వయర్‌లో పాడతాడు. హెకెల్ సంగతి ఊఁ కొడుతూ విన్నాడు. పాటల పుస్తకం దగ్గరకి వచ్చేసరికి ఊఁ ఆగిపోయింది.

"హల్లెలూయ తీసేశారా?"

"తీసేశారండీ."

కాసేపు ఏమీ వినిపించలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను. సన్నగా కూనిరాగం మొదలైంది, ఒక చరణం సగానికి వచ్చి ఆగింది.

"మరి ఆ చోట తాళం నిలవదు కదండీ," అన్నాడు.