సూర్యకాంతం గారి ఎడమ చెయ్యి

"అయ్యో, ఇప్పుడు ఆవిడ మీద జాలేస్తోందే" అంది పక్కింటి మావుసి, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

'గుండమ్మ కథ'లో ఛాయాదేవి సూర్యకాంతాన్ని గదిలో పెట్టి తాళం వేసిన ఘట్టం. అంతదాకా సావిత్రిని రాచి రంపాన పెడుతోందని తిట్టిన మనిషే! మావుసి ఒడియా ఆవిడ. ఇన్నేళ్లు బరంపురంలో మా పక్కనే ఉన్నా తెలుగు సగమే అర్థమవుతుంది. సూర్యకాంతం గారికి ఆ సగం చాలు.

ఎడమ చెయ్యి అలా తిప్పి, మూతి విరిచి ఓ చూపు చూస్తే, ఇక డైలాగుతో పనేముంది? 1962 నాటి సినిమా, ఆవిడ పోయింది 1994లో. ఇవాళ్టికీ గయ్యాళి అత్త అనగానే ఆవిడే.

కానీ 'మాయాబజార్'లో హిడింబి కూడా ఆవిడే కదా! కొడుకు ఘటోత్కచుణ్ణి చూసి ఎంత మురిసిపోతుందో. ఆ తల్లిని ఎవరూ తలుచుకోరు, నాకదే బాధ.