కుట్టిన పడవ కోసం బెర్బెరా దాకా

సోమాలీలాండ్ రాజధాని హర్గేసా నుంచి రేవు ఊరు బెర్బెరాకి 160 కిలోమీటర్లు. ముందు సీటు కావాలంటే రెండు సీట్ల డబ్బు కట్టాలన్నాడు డ్రైవరు. కట్టాను. గంట తిరక్కుండానే ఆ సీట్లో నా పక్కన ఇంకొకాయన్ని ఇరికించాడు. ఇథియోపియాలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పాక కూడా ఇలాంటి వాటికి కోపం తెచ్చుకుంటున్నానంటే తప్పు నాదే. జిజిగా నుంచి వజాలె సరిహద్దు దాటి ఇంత దూరం రావడానికి కారణం ఒక్కటే, సోమాలీల బెదెన్ పడవ. మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవ. దాన్నొకసారి చేత్తో ముట్టుకోవాలని.

తీరా బెర్బెరా ఒడ్డున చూస్తే అన్నీ ఫైబర్ పడవలే. వెనక యమహా ఇంజను, పక్కన నీలం రంగు పెట్రోలు డబ్బాలు. మన కాకినాడ హార్బరులో నిలబడ్డట్టే ఉంది. దూరంగా ఓ కొయ్య ఓడలోకి మేకల్ని ఎక్కిస్తున్నారు. గుజరాత్‌లోని సలాయా, మాండ్వీల నుంచి వచ్చే రకం అది. డీజిలు ఇంజను, నిండా ఇనుప మేకులు. ఒళ్ళు మండింది. జనవరి కాబట్టి ఎండ మాత్రం దయ చూపించింది.

ఎవర్ని కదిపినా "దూన్ని, దూన్ని" అంటూ చెయ్యి చూపిస్తున్నారు. పడవని వాళ్ళు అనే మాట అదేనట. మన దోనెకీ దానికీ చుట్టరికం ఉందో లేదో భాషా శాస్త్రజ్ఞులు తేల్చుకోవాలి, నాకు మాత్రం చెవికి హాయిగా తగిలింది.

పాత ఊళ్ళో పగడపు రాళ్ళ ఇళ్ళు సగం కూలి ఉన్నాయి. వాటి వెనక ఇసకలో ఓ పడవ పక్కకి ఒరిగి పడుంది. పొడుగాటి వెనక దూలం ఒక్కటే ఇంకా నిటారుగా నిలబడింది. నీడలో కూర్చున్న పెద్దాయన నన్ను చూసి "హిందీ?" అన్నాడు. చిన్నప్పుడు ఏడెన్‌లో ఇండియా వాళ్ళ కొట్లో పనిచేశాడట, విరిగిన హిందీ వచ్చు. నేను ఆయన్ని "అదీర్" అన్నాను. మన బాబాయ్ లాంటి పిలుపు.

చెక్క అంచు వెంబడి వరసగా బెజ్జాలు, నాలుగు వేళ్ళకొకటి. ఒక బెజ్జంలో చిటికెన వేలు పెట్టాను. లోపల పీచు ముక్క తగిలింది. నల్లగా, జిడ్డు పట్టి ఉంది. సొర నూనె అన్నాడు అదీర్, ముక్కు మూసుకుని నవ్వుతూ. అది పూస్తే ఉప్పునీళ్ళకి చెక్క తట్టుకుంటుంది. తరవాత రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్లో ఒకటి దూర్చి అటూ ఇటూ ఊపాడు. అల కొట్టినా, ఇసక తగిలినా కుట్టు సాగుతుంది, పడవ పగలదు.

నాకు చెప్పక్కర్లేదు. ఉప్పాడలో మా తాతయ్య పడవా కుట్టిందే. ఒడ్డు నుంచి లాగే అలివి వల వెయ్యడానికి కెరటాల్లోంచి అదొక్కటే బయటపడేది. ఏడాదికోసారి కుట్లు విప్పి, చెక్కలు ఆరబెట్టి, అతుకుల మీద గడ్డి చుట్టలు పేర్చి మళ్ళీ కుట్టేవాళ్ళు. లోపల కూర్చుని తాడు కొస అందించే పని నాది. కాస్త ఆలస్యమైతే బయట్నుంచి తాతయ్య చెక్క మీద గుద్దేవాడు, చెవులు గింగురుమనేవి. సముద్రంలో అయస్కాంతపు కొండలున్నాయనీ, మేకులు కొడితే అవి పీకేస్తాయనీ, అందుకే ఇక్కడి జనం పడవలు కుడతారనీ పాత యాత్రికులు రాసిపెట్టారు. తాతయ్య వింటే వాళ్ళ చెక్క మీద కూడా ఒక గుద్దు గుద్దేవాడు.

బెదెన్‌లో చిన్నది చేపల వేటకి, పెద్దది సరుకులతో దూరం పోవడానికి. పెద్దదాన్ని బెదెన్ సఫర్ అంటారు. సఫర్ అంటే మనకి తెలిసిన సఫరే. ఒకప్పుడు ఈ ఊరికి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పెద్ద సంత. ఈశాన్యపు గాలితో ఓడలొచ్చేవి, ఒంటెల బారులు దిగేవి, మన దేశపు బనియా వ్యాపారులు కూడా వచ్చేవాళ్ళు. గాలి మళ్ళితే ఊరు ఖాళీ. 1855లో, సరిగ్గా ఆ సంత ముగిసే రోజుల్లోనే, ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్ దవడలోంచి ఇక్కడే బల్లెం దూసుకుపోయింది.

"మంచి బెదెన్ చూడాలంటే ఎయిల్ వెళ్ళాలి" అన్నాడు అదీర్. సోమాలియా పైరేట్ల వార్తల్లో విన్న ఊరే. నమస్కారం పెట్టాను. ఆయన నవ్వి, "మీ తాత పడవ ఏమైంది?" అన్నాడు. తాతయ్య పోయాక చెక్కలు కొన్ని అమ్మేశాం, మిగిలినవి పొయ్యిలోకి పోయాయి. ఆ ఇంటి స్థలం కూడా ఇప్పుడు సముద్రంలోనే ఉంది. చెప్పాను. ఆయన ఒరిగిన పడవలో విరిగిన భాగం చూపించి, "ఇక్కడా పొయ్యే" అన్నాడు.

టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. ఏలకులు దట్టించిన షాహ్, చక్కెర మన హోటళ్ళ కంటే రెట్టింపు. డబ్బులిద్దామని, హర్గేసాలో డాలర్లు మార్చి మోస్తున్న షిల్లింగుల కట్ట తీశాను. ఇటుకంత ఉంది. కొట్టు కుర్రాడు అదేదో చెత్త అన్నట్టు చూసి, గోడ మీద రాసిన ఫోన్ నంబరు చూపించాడు. ఇక్కడ అందరూ ఫోన్‌లోనే కడతారు, నాకా ఖాతా లేదు. అదీర్ జేబులోంచి పాత బటన్ల ఫోను తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకే నొక్కుతూ నా టీకి కూడా కట్టేశాడు.