గేటు దగ్గరి ప్రశ్న

రాత్రి పదకొండు దాటింది. అత్తయ్యకు మాత్రలిచ్చి, పెరటి తలుపు గడియ వేసి పడుకున్నాను గానీ, పొద్దున, నేను ఆదివారాలు వెళ్లే ఇంటి గేటు దగ్గర, వాళ్ల పక్కింటావిడ అడిగిన మాట చెవిలోంచి పోవడం లేదు. "ఏటమ్మా, ఈరోజైనా మాటాడిందా?" అని వీధి వీధంతా వినపడేలా అడిగారు.

మానసిక అనారోగ్యానికి ఇంట్లోనే ఉండి వైద్యం చేయించుకుంటున్న ఒకామెకు తోడుగా కూర్చోవడానికి ప్రతి ఆదివారం వెళ్తుంటాను. అరసవల్లి భక్తుల రద్దీకి ఏడు రోడ్ల కూడలిలో ఆటో దొరక్క, నాగావళి వైపు ఆమె వీధి దాకా నడిచే వెళ్లాను. ఇలా తోడు వెళ్లేవాళ్లకిచ్చే శిక్షణలో మాకు మొదట చెప్పింది చెప్పిన వేళకు వెళ్లమనే. సలహాలివ్వకూడదు, మందుల విషయంలో తలదూర్చకూడదు, తోడుగా ఓ గంట కూర్చోవాలి, అంతే. ఐదు నెలలుగా అలాగే కూర్చుంటున్నాను.

ఇద్దరం చేట మధ్యలో పెట్టుకుని కొత్త చింతపండుకు గింజలు, ఈనెలు తీశాం. ఆమె వేళ్లు చాలా నిదానంగా కదులుతాయి. ఒక్కో గింజనూ గిన్నెలో వేసి, అది పడిన చప్పుడు విన్నాకే ఇంకో కాయ అందుకుంటారు. అరగంట గడిచాక, తల ఎత్తకుండానే, "ఈనె గుచ్చుకుంటాది, సూసుకో" అన్నారు. ఐదు నెలల్లో నా గురించి ఆమె అన్న తొలి మాట అది.

ఆ సంతోషంతో బయటికి వస్తే గేటు దగ్గర ఆ ప్రశ్న. పైగా, "విశాఖ తీసుకెళ్లి చేర్పించీయొచ్చు కదా, మీకెందుకీ శ్రమ" అని కూడా అన్నారు. ఇంట్లో ఉండి వైద్యం చేయించుకుంటున్న మనిషిని ఎందుకు చేర్పించాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షనులోనే నలుగురి మధ్య జీవించే హక్కు రాసి ఉంది, చూసుకునే కుటుంబం లేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని కూడా ఉంది. ఆ మాటే చెప్పాను, గొంతు కొంచెం పెంచే చెప్పాను. లోపల ఆమెకు వినపడి ఉంటుందేమోనన్న బాధ ఇప్పటికీ తగ్గలేదు. తన గురించి ఇద్దరు ఆడవాళ్లు వీధిలో వాదించుకోవడం ఆమెకెలా ఉంటుంది?

మా చిన్నమ్మ గుర్తొస్తోంది. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో, పెరటి వైపు గదిలో ఉండేది. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు, ఆసుపత్రికి మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు. మధ్యాహ్నం చోడి అంబలి గిన్నె గుమ్మం దగ్గర పెట్టి రావడం ఏడేళ్ల నా పని. గిన్నె అంచు గడపకు తగిలి చప్పుడైతే భయం, అవకపోతే ఇంకా భయం. ఒకరోజు చీకట్లోంచి, "ఏ క్లాసే నువ్వు?" అని అడిగింది. మామూలు గొంతు, మా అమ్మ గొంతులాంటిదే. నేను జవాబు చెప్పకుండా పరుగెత్తాను. ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది, మళ్లీ నన్నేమీ అడగలేదు. రెండో క్లాసు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంతవరకూ రాశాక పక్కింటావిడ మీద కోపం నిలవడం లేదు. ఆవిడ పరుగెత్తలేదు. ప్రతి వారం అడుగుతున్నారు. అడిగే తీరు మోటుగా ఉంది, నిజమే. కానీ ఆ వీధిలో అడుగుతున్నది ఆవిడొక్కరే. నేను వారానికి ఒక గంట మనిషిని. మిగిలిన రోజుల కోసం, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడవచ్చని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అంకెలతో రాసి క్యాలెండరు పక్కన అంటించాను. గోడ అవతల మెలకువగా ఉండే మనిషి సంగతి మాత్రం నాకు తోచనే లేదు. పొద్దున చట్టం చెప్పే బదులు, "లోపలికి రండి, చింతపండు ఇంకా చాలా ఉంది" అనవలసింది.

కాదు, అదీ తప్పే. ఆ ఇల్లు నాది కాదు, పిలవవలసింది నేను కాదు. వచ్చే ఆదివారం ముందు ఆమెనే అడగాలి, "పక్కింటావిడ కూడా వచ్చి కూర్చోవచ్చా?" అని. వద్దంటే, తలాడించకపోయినా సరే, ఆ ఊసు ఎత్తను. బయటికి వచ్చాక గేటు దగ్గరే నిలబడి, గొంతు తగ్గించి, ఆవిడతో ఐదు నిమిషాలు మాట్లాడి వస్తాను.